అభ్యంతరాల గడువు శుక్రవారం

జమ్మికుంట ఆఫీసుకు
పక్క జిల్లా ప్లాను వచ్చింది,
నలభై రెండు పేజీలు, రంగుల పటం ఒకటి.
వాళ్ల దిక్కు పసుపు, ఎరుపు, ఊదా.
గీత దాటినంక మనం
తెల్ల కాయితం.

"అభ్యంతరం లేదని రాద్దామా?" అన్నడు కమిషనర్.
సమోసాలు వచ్చినయి. చేతులు లేచినయి.

ఏడో వార్డు ఓదెలు మాత్రం
కొత్త వెంచర్ల మురుగు కాలువ మీద
వేలు పెట్టి నడిపించుకుంట వచ్చిండు.
నీలం బాణం పటం అంచుకాడ ఆగింది.
వేలు ఆగలే.
టేబుల్ గుడ్డ మీదికి దిగి
చాయ్ మరక దాటి
నా మినిట్స్ బుక్కు మీద నిలబడ్డది.
"ఇగో, ఈడ కనకవ్వ పత్తి చెలక."

శుక్రవారం జవాబు పోయింది.
నేనే టైపు చేసిన, ఒక్క వాక్యం:
మీ బాణం తర్వాత ఏమున్నదో
దయచేసి తెలుపగలరు.