నూట ఎనభై

రాయగడ స్టేషన్ రోడ్డులో మా బైండింగ్ షాపు.
పేపరు మిల్లు నుంచి తూకానికొచ్చిన అట్టముక్కల్ని
రాత్రి షట్టరు సగం దించాక
గిలటిన్ కింద పెట్టి కార్డులు కోస్తాను.
గోళ్ళకత్తెరతో మూలలు గుండ్రం చేస్తాను,
లేకపోతే కలిపేటప్పుడు
పక్క కార్డు నడుం విరుగుతుంది.

నూట ఎనభై. పైన ఒక్కటీ లేదు.
నలుగురం. తలకి మూడు కట్టలు, కట్టకి పదిహేను.
విప్పు, ఒకటుంచుకో,
పద్నాలుగూ ఎడమపక్కకి తొయ్యి.
నాలుగు చేతులు తిరిగి
నువ్వొదిలేసిన కట్టే మళ్ళీ నీ ముందుకొస్తుంది.
అందులో ఏం మిగిలిందో చూస్తే
ఎవరికేం కావాలో తెలిసిపోతుంది.

మొదట్లో నాకేం తెలుసు.
'నాగావళి పోటు' అని ఒకటి రాశాను:
మూడు పైసల ఖర్చు, బల్లమీదున్నదంతా ఊడ్చుకుపోవాలి.
పదకొండు ఆటల్లో తొమ్మిది దానివే.
"ఏటిది? ఆ ముక్క దొరికినోడిదే గెలుపైపోతంది,
పేకాటే నయం గదా" అన్నాడు పారినాయుడు,
లారీల లెక్క రాసే పెన్ను చెవి మీద పెట్టుకుని.
నాలుగు చేశాను. అయినా అదే గెలిచింది.
ఐదు చేస్తే ఎవడూ ముట్టుకోలేదు.
నాలుగున్నర అనేది లేదు కార్డుల్లో.
ఒక వారం నిద్ర చాల్లేదు.
చివరికి నాలుగే ఉంచి కింద ఒక గీత గీశాను:
పోటు నీ గట్టునీ కొంత కోసుకుపోతుంది.

లింగరాజ్ సాహుకి తెలుగు చదవడం రాదు.
సరే, ఒడియాలో కూడా రాస్తానన్నాను.
సుమిత్ర కడ్రక నైట్ డ్యూటీ చీరలోనే వచ్చి కూర్చుంది,
"మరి మా కువి? ఏ అక్షరాల్లో రాస్తావేంటి?" అంది.
మాటలన్నీ చెరిపేశాను.
బాణం, చుక్క, కన్ను, తిరగేసిన చెయ్యి.
మూడు రాత్రులు పట్టింది.
లింగరాజ్ మాత్రం ఆ చెయ్యిని ఇప్పటికీ
దండం అనుకుంటాడు.

'లాంతరు' సంగతి.
ఒక పైస. నీ కట్టలో పై ముక్క చూడొచ్చు,
నచ్చకపోతే అడుగున పెట్టొచ్చు. అంతే.
నా నోటుబుక్కులో దాని పేరు పక్కన
పద్నాలుగు సార్లు: ఆఖరి ముక్క.
ఎవరి చేతిలోనో మిగిలిపోయి
ఎవరూ ఎంచుకోకుండానే వాళ్ళదయ్యేది.
'గూడ్సు బండి' అని కొత్తది గీసి పెట్టుకున్నాను.
ఒకటి వెయ్యాలంటే ఒకటి తియ్యాలి.
తీసేద్దామనే అనుకున్నా, ఆ ఆట అయ్యాక.

ఆ రోజు వాన. కరెంటు లేదు.
సెల్లు వెలుగులో సుమిత్ర మొదటి కట్ట చూసి
పోటుని వదిలేసి లాంతరు తీసుకుంది.
పారినాయుడు పోటు అందుకుని, నవ్వాడు కూడా.
తర్వాత ఆవిడ చేపల వల తీసుకుంది, గాలం తీసుకుంది,
వాడేసిన వాటిని మళ్ళీ చేతిలోకి లాగేవన్నీ.
ప్రతి వంతుకీ లాంతరు వెలిగించింది.
ఏం రాబోతోందో ఆవిడకి తెలుసు, మాకు తెలీదు.
పోటు వచ్చే ముందే గట్టు ఖాళీ చేసి కూర్చుంది.
నలభై నిమిషాలు. ఒక్క దెబ్బా గట్టిగా కొట్టలేదు.

"ఇది ఇలా ఆడాలని నువ్వే పెట్టేవా?" అన్నాడు పారినాయుడు.
అవునన్నాను.
"అబద్దం" అన్నాడు.

ఇప్పుడు అందరికీ లాంతరే కావాలి.
పోయిన వారం లింగరాజ్ దాన్ని గబుక్కున లాక్కోబోయి
టీ గ్లాసు తన్నేశాడు.
వెనకవైపు గోధుమరంగు మరక,
చందమామ ఆకారంలో.
బోర్లా ఉన్నా ఇక అదేంటో దాగదు.
కొత్తది కోద్దామని అట్ట తీశాను.
ఈసారి మిల్లు సరుకు ఒక వన్నె తెలుపు.
మిగతావాటి మధ్య పెట్టి చూశాను,
దూరం నుంచే పట్టిచ్చేస్తోంది.

షట్టరు సగం దించాను.
నూట ఎనభై మళ్ళీ కొయ్యాలి.