తరుగు

మిర్చి యార్డులో కాటా గుమాస్తాని నేను.
ఇరవై రెండేళ్లుగా కళ్లజోడు మీద ఎర్రటి పొడి.
టిక్కీ ఎక్కుతుంది, అంకె వెలుగుతుంది,
గోనెకింత, తేమకింత తీసేసి
మిగిలింది రాస్తాను.
రైతు నా మొహంకేసి చూడడు, పెన్నుకేసి చూస్తాడు.

జెకర్యా మొదటిసారి కాటా ఎక్కింది
ఏప్రిల్ ఆఖర్లో, భోజనాల వేళ.
ఆ ఎండలో ఒంటిమీద రెయిన్‌కోటు, లోపల ఉన్ని స్వెట్టరు.
"చూడు బాబాయ్, డెబ్బై అయిదు దాటకూడదు."
స్వెట్టరూ కోటూ విప్పించి చూశాను.
డెబ్బై అయిదూ మూడొందలు.
పక్కకెళ్లి ఉమ్మాడు. మళ్లీ ఎక్కాడు.
ఉమ్ముకి కూడా బరువుంటుందని ఆ రోజే తెలిసింది.

రాత్రంతా నల్లపాడు రోడ్డులో పరుగెత్తి
తెల్లారి విజయవాడలో తూకానికి సరిపోయాడు.
మూడో రౌండుకి
కాళ్లు కొవ్వొత్తుల్లా వంగిపోయాయట.
"కొట్టింది అవతలివాడు కాదు బాబాయ్, దాహం."

వాళ్లమ్మ కోల్డ్ స్టోరేజీలో ముచ్చికలు తీస్తుంది.
కిలోకింత అని కూలి.
వేళ్ల సందుల్లో ఎప్పుడూ మంటే,
కొడుకు కనుబొమ చిట్లితే
మోచేత్తో తుడుస్తుంది.
ఆమే అంది:
"నీకు నువ్వే తరుగు తీసుకోవడం మానెయ్యరా.
ఎంతున్నావో అంతా తూకానికెక్కు."

దస్తగిరి మాస్టారు ఒప్పుకోలేదు ముందు.
"తొంభై కిలోలవాళ్లు దూలాలు. నువ్వు వాసానివి.
విరిగిపోతావు."

అయినా మొదలైంది తిండి.
పొద్దున్నే పది గుడ్లు, రాత్రి బొమికల పులుసు.
మూడు వంతెనల దగ్గర ఇడ్లీ బండి సామ్రాజ్యం
"నీకు ప్లేట్ల లెక్క వద్దులే, గిన్నె లెక్క చెప్తా" అంది.
సాయంత్రాలు హమాలీలతో టిక్కీలు మోశాడు.
నెలకోసారి నా కాటా ఎక్కేవాడు.
డెబ్బై తొమ్మిది. ఎనభై మూడు.
ఎనభై మూడే. ఎనభై మూడే.
ఆ రోజుల్లో ఎవరితోనూ మాట్లాడలేదు.
తర్వాత ఎనభై ఎనిమిది.

బరువైతే వచ్చింది, అది ఇంకా వాడిది కాలేదు.
మొదటి రెండు పోటీల్లో
అద్దెకు తెచ్చిన కోటులా వేలాడింది.
కాకినాడ పోలీసు కుర్రాడొకడు పక్కటెముకలు వాయిస్తే
వారం రోజులు నవ్వడానికి కూడా భయపడ్డాడు.

మాస్టారప్పుడు వాణ్ణి రాత్రిపూట యార్డుకి తెచ్చాడు.
సిమెంటు గచ్చు మీద
నాలుగు మూలలా నాలుగు టిక్కీలు, మధ్యలో వీడు.
"చేతులు తొంభైవి చెయ్. కాళ్లు డెబ్బై అయిదులోనే ఉంచు."
రాలిన మిరపగింజలు బూట్ల కింద చిటపటమనేవి.
ఆ చప్పుడు రాకుండా తిరగాలి, అదీ పరీక్ష.

ఫైనల్ గుంటూరులోనే పడింది.
విశాఖ మనిషి, తొంభై రెండు,
మెడ ఎక్కడ ఆగి భుజం ఎక్కడ మొదలైందో తెలీదు.
హమాలీల మధ్య కూచున్నాను.
మొదటి రౌండు చూడలేదు, కళ్లజోడు తుడుచుకున్నాను.
రెండో రౌండులో అవతలివాడి గుద్దు పడినచోట
మావాడు లేడు.
మళ్లీ పడినచోటా లేడు.
గింజ చప్పుడు లేదు.
మూడోదాంట్లో ఒకటి దిగింది, ఎడమచేత్తో, పొట్టిగా.
లారీలోకి టిక్కీ విసిరినప్పటి మోత
హాలంతా విన్నాం.
అయినా పడలేదు వాడు. పడితే బావుండేది.
మూడు–రెండుతో నెగ్గాం,
ఆ ఇద్దరు జడ్జీల మీద మాస్టారికింకా కోపమే.

మర్నాడు పొద్దున్నే వచ్చాడు,
ఒక కన్ను మూసుకుపోయి, చేతిలో ఇడ్లీ పొట్లం.
వాళ్లమ్మ గేటు దగ్గరనించే వెళ్లిపోయింది, పనికి ఆలస్యమని.
"ఎక్కు" అన్నాను.
గోనె లేదు, తేమ లేదు, ఉన్నదంతా రాస్తానన్నాను.
పొట్లం నా బల్ల మీద పెట్టి ఎక్కాడు.
అప్పుడే కొట్టింది ఘాటు,
అవతల వరసలో తేజ కాయల కుప్ప తిరగేస్తున్నారు.
తుమ్మాడు. మళ్లీ తుమ్మాడు.
ఎర్రంకెలు తొంభై మూడుకి గెంతి
ఎనభై తొమ్మిదికి దూకి
మళ్లీ పైకి పోతున్నాయి.
పెన్ను మూత తీసి పట్టుకుని
నిలబడవయ్యా కాస్త, అన్నాను.
నిలబడితేగా.