ఐదో పేజీ

రువీల బస్టాండు ఎనుక టైపింగ్ సెంటరు.
పొద్దంత నేను కొట్టేవి అరబ్బీ, ఇంగ్లీషు.
పేరు, తండ్రి పేరు, బతాకా నంబరు,
పనిల కెల్లి పారిపోయిండని ఒకని మీద కాయిదం,
పారిపోలేదు సారూ అని మళ్ల ఆ మనిషిదే ఇంకో కాయిదం.
రెండింటికీ ఒకటే రేటు.

గురువారం రాత్రి షట్టరు సగం దించి
కీబోర్డును తెలుగుకు మారుస్త.

ఫ్రీగ దొరికిన ఫాంటు.
తెర మీద ముత్యాల లెక్క ఉంటది,
పీడీఎఫ్ చేయంగనే ఒత్తులు ఊడి పక్కకు పడ్తయి.
అప్పు అని కొడితే
అప్ పు అని వచ్చింది.
"ఉండనియ్యిరా, గట్లనన్న ఇరగని"
అన్నడు లాండ్రీ నర్సింలు.
ఆఖరికి అక్షరాలన్నిటినీ బొమ్మలు చేసిన.
బొమ్మకు ఒత్తులుండయి, ఊడేటందుకు.

ఒక్క ఏ-ఫోర్ కాయిదం, ఎనిమిది గళ్లు.
నడుమ ఒక్క కోత పెట్టి మడిస్తే
అరచేతంత పుస్తకం.
పిన్ను వద్దు, దారం వద్దు.

రెండో పేజీల రైస్ కుక్కర్ల తలకాయ కూర.
మూడోదాంట్ల అరబ్బీ మాటలు:
బుక్రా అంటే రేపు,
జీతం ముచ్చటయితే రేపు కాదు.
నాలుగోదాంట్ల గంగారాం ఫోన్ల గీసిన క్రేను.
ఏలు లావు, తెర సన్నం,
క్రేను మెడ జర వంగింది.

ఐదోది ఒక ఆమెది.
పేరు వద్దన్నది, ఈడ గూడ చెప్ప.
యాస పట్టి కడప దిక్కు అనుకోండ్రి.
రాయరాదు, వాయిస్ పంపింది.
నాలుగు నిమిషాల పదకొండు సెకండ్లు,
సగం మిక్సీ చప్పుడు.

"మేడం బయటికి పోయినాక వంటింటి కిటికీ తీస్తా నాయనా.
ఏసీ డబ్బా మింద పావురం గుడ్లు పెట్టింది.
రొండు.
నేనొచ్చినాక దానికిది తొమ్మిదో కాన్పు.
ఇంతే. ఇంగేం రాయొద్దు."

మింద అని కొడితే మీద అంటది కీబోర్డు,
రొండు అంటే రెండు అంటది.
దిద్దొద్దని దానితోని పదిసార్లు కొట్లాడిన.
పక్కకు గంగారాం పావురాన్ని గీసిండు.

ముప్పై కాపీలు.
పేజీకి ఇరవై ఐదు బైసల లెక్కన
ఏడు వందల యాబై బైసలు అర్బాబ్ సొరుగుల ఏసిన.
మిషన్ల లెక్క నంబరు ఉంటది, అది మొహమాటపడది.
నర్సింలు దిష్‌దాషాల మీద నడిచే ఇస్త్రీ పెట్టెనే
మడతల మీద నడిపిచ్చిండు.
ముప్పై పుస్తకాలు,
వేడి వేడిగ, జొన్నరొట్టెల లెక్క.

తప్పు అప్పుడు దొరికింది.

తెర మీద పై వరుస నాలుగు పేజీలు
తలకిందులు పెట్టాలె,
అప్పుడే మడిచినంక సక్కగయితయి.
మూడు తిప్పిన.
ఐదోది నాకు నిటారుగ కనవడ్డది, ఇడిసిపెట్టిన.

చించేద్దామన్న.
ఇస్త్రీ చేసింది నేను చించనీయ అన్నడు నర్సింలు.

శుక్రవారం హమ్రియా రూముల పంచినం.
తలుపు కాడ నిలవడి చూస్తున్న.
కింది మంచం, మీది మంచం, తొమ్మిది మంది,
ఫ్యాను గాలికి కాయిదం ఎగరకుండ బొటనేలు ఆనిచ్చి చదువుతున్నరు.
తలకాయ కూర కాడ ఒకడు నవ్విండు.
జర సేపటికి ఒకని తర్వాత ఒకడు
పుస్తకం తిప్పి పట్టుకున్నరు.
ఎందుకని ఎవ్వడూ అడుగలే.
మీది మంచం మల్లారెడ్డి మాత్రం
పుస్తకం తిప్పలే,
తానే దిండు దిక్కు కాళ్లు పెట్టి పండుకున్నడు.

ఆమె కాపీని
ఉతికిన దుప్పట్ల మడతల పెట్టి పంపినం.

నాలుగు రోజులు ఏ సప్పుడు లేదు.
ఐదో నాడు వాయిస్ వచ్చింది, తొమ్మిది సెకండ్లు,
గొంతు తగ్గిచ్చి:

"పావురం సక్కంగ ఉండాది నాయనా.
మిగతాయన్నీ ఎందుకట్ల తలకిందులుగా ఏసినావు?
ఆ క్రేను చూడు పాపం,
ఎట్లా ఏలాడతాందో."