మైనస్ ఎనభై

రిటైర్మెంటుకి ఇంకా నాలుగు రోజులు.
ఫ్రీజర్ ఖాళీ చేసి తాళం అప్పగించమని కాగితం వచ్చింది.
తలుపు తీస్తే తెల్లటి పొగ
మోకాళ్ళ మీదుగా జారి నేలంతా పరుచుకుంది.
గౌస్ చేతులకి నీలం తొడుగులు. నా చేతిలో రిజిస్టరు.

అడుగు పెట్టె మీద మంచు గీకితే
నా అప్పటి గుండ్రటి రాత:
ఎలుక 9, కుడి పాదం, మూడో గంట.
పాదరసంలో ముంచితే గీత ఎంత లేస్తే అంత వాపు.
పరాంకుశం సార్ కళ్ళజోడు నుదుటికెక్కించి
"దాన్ని తిట్టకమ్మా, అది కాపలా కుక్క.
అరవడం దాని పని.
ఎవరు ఊరుకోమంటే ఊరుకుంటుందో కనుక్కో" అన్నారు.
ముప్ఫై మూడేళ్ళు పట్టింది. ఇంకా సగమే.

బళ్ళో వినాళ గ్రంథులని బట్టీ పట్టాం.
కాలవ లేదు, గట్టు లేదు, నెత్తురే దారి.
మూత్రపిండాల నెత్తిన టోపీల్లా కూచున్న ఆ రెండూ
బస్తీలో నల్లా వదిలే వేళకి
ఒళ్ళంతా ఒక నీళ్ళ ట్యాంకరు తిప్పుతాయి.
రాత్రి కీళ్ళలో రాజుకున్నది దానికే ఆరుతుంది.
ఆరకపోతే మంట.
పొయ్యిలోదీ మంటే, కడుపులోదీ మంటే,
మడమలోదీ మంటే మనకి.

మధ్య అరలు చూడాలనిపించలేదు. చూశాను.
తొమ్మిదేళ్ళు, ఒకే ఒక్క ప్రోటీను వెంట.
దొరికిందని రెండు వ్యాసాలు రాశాను, దండ కూడా వేశారు.
తర్వాత తేలింది, మేం కొన్న యాంటీబాడీ
అంటుకోవలసినదాన్ని వదిలి పక్కదానికి అంటుకుంటోందని.
తప్పు ఒప్పుకుంటూ నాలుగు వాక్యాల ఉత్తరం,
దానికి పదకొండు చిత్తుప్రతులు.
ఆ వేసవి క్యాంటీన్లో నా బల్ల దగ్గర ఎవరూ కూర్చోలేదు.
కూర్చుంటే ఏం మాట్లాడేదాన్నో నాకూ తెలీదు.

పై పెట్టెలకి ఇప్పటికీ చేపల వాసనంటాడు గౌస్.
మే నెల, కరెంటు పోయి జనరేటరు మొరాయించిన రాత్రి
రాంనగర్ చేపల మార్కెట్ నుంచి స్కూటర్ మీద
గోనెలో చుట్టి ఐసు దిమ్మలు తెచ్చాడు.
మైనస్ ఎనభై ఎక్కడ, చేపల ఐసు ఎక్కడ!
సగం పోయాయి.
నిలిచినవాటిలో బాలనర్సమ్మ ఉంది.

తార్నాక చౌరస్తాలో రాత్రి మూడింటికి హాజరు పలికే
నలభై ఒక్కమంది ఆడవాళ్ళని
ఊడ్చే ముందు, ఊడ్చాక, మళ్ళీ పడుకోబోతూ
సీసాలో ఉమ్మమని బతిమాలాను.
"రోడ్డు మీద ఉమ్మితె ఫైను,
నీ సీసల ఉమ్మితె చాయ్. గిదేం సదువు మేడం?"
అందర్నీ నవ్వించింది.
తన వేళ్ళ కణుపులు ఉసిరికాయల్లా వాచి ఉండేవి.
చీపురు చుట్టూ పిడికిలి పూర్తిగా మూతపడాలంటే
రెండు సందులు ఊడవాలట.

గ్రాఫు వచ్చింది.
పొద్దున లేవాల్సిన గుట్ట లేవలేదు.
పన్నెండేళ్ళు రాత్రిని పగలు చేసిన ఒంట్లో
ట్యాంకరు వేళ గ్రంథులే మరిచిపోయాయి.
కాగితం తీసుకెళ్ళి తనకి చూపించాను.
"సాపుగున్నది గద మేడం. సాపుగుంటె మంచిదే.
రోడ్డు గిట్లుంటె మస్తు ఊడ్వచ్చు."
వ్యాసంలో చర్చకి ఆరు పేజీలు రాసినదాన్ని,
ఆ మాటకి నోరు పెగల్లేదు.
కార్పొరేషన్‌కి నివేదిక ఇచ్చాం.
చేతి తొడుగులు వచ్చాయి. వేళలు మారలేదు.

"ఇవీ ఆటోక్లేవ్‌లోకేనా మేడం?" అంటున్నాడు గౌస్.
నియమం అదే.
నంబరు చదవాల్సిన చోట పేరు చదివాను, నలభై ఒక్కటీ.
తను ఒక్కోటీ బుట్టలో వేశాడు, మెల్లగా, చప్పుడవకుండా.
ప్లగ్ పీకితే
ఫ్రీజర్ ఒకసారి గట్టిగా వణికి ఊరుకుంది.

మర్నాడు మూడున్నరకే మెలకువ.
హబ్సిగూడ సందులో ఎవరిదో చీపురు,
బర్రు బర్రుమని, ఆగి, మళ్ళీ.
మంచం మీదే కూర్చుని పిడికిలి మూసి చూసుకున్నాను.
కొంచెం సేపు పట్టింది.