సాలుకు సాలుకు నడుమ

మర్రిగూడ ఈదమ్మత్త మెడ వంగదు.
బోరునీళ్ల ఫ్లోరైడు చిన్నప్పుడే ఎముకలకు పట్టింది.
ఒళ్లో పెట్టుకుంటే పుస్తకం కానరాదు,
ఎత్తి పట్టుకుంటే వేళ్లు నిలువయి.
రాత్రిబడిల కూడబలుక్కొని నేర్చిన చదువు
ఇంకా ఆకలి మీదనే ఉన్నది.

అందుకే నల్లగొండ బస్టాండు ఎనుక
మా డీటీపీ షాపుల, గిరాకి లేని పొద్దు,
ఆమె అడిగిన కథల్ని ఫోనుకు ఎక్కిస్తున్న.

మొదటిసారి పంపితే ఒక్కటే మాట:
"పిల్లా, పై వరుస వత్తులొచ్చి
కింది వరుస గుడుల నెత్తిన కూసున్నయి."

నిజమే. ఇంగ్లీషు కొలత పెట్టిన.
మన అక్షరానికి కింద కాళ్లుంటయి, పైన కొప్పుంటది,
యాది మరిచిన.

పత్తిచేన్ల నాయిన సాలు పట్టినట్టు
గుంటుక తిరిగేంత జాగ ఇడిసిన.
అంచులకు గెట్లు పోసిన.
రెండు దిక్కుల సమంగ గుంజి కట్టిన వరుసల్ని
వదులు చేస్తే
మాటల నడుమ బొందలు పూడినయి.
తెర తెలుపు కండ్లల్ల గుచ్చుతున్నదంటే
జొన్నరొట్టె రంగేసిన.
"లక్ష్మి" నాలుగు ముక్కలయి కూసుంటే మాత్రం
ఫాంటు మార్చి మార్చి
రాత్రి పదకొండయింది, టీ కొట్టు కూడ మూసిండ్రు.

ఇప్పుడామె ఫోనును కిటికీ ఊచకు
రబ్బరు బ్యాండుతో కట్టుకున్నది, కండ్లకు ఎదురుంగ.
బొటనేలి కణుపుతో పేజీ తిప్పుతది.

నిన్న మళ్ల ఫోన్ చేసింది.
అక్షరాల ముచ్చటే తియ్యలేదు.
"ఆ ముసలోడు బర్రెనమ్మి
తప్పు చేసిండే పిల్లా," అన్నది.