మూడో దశాంశం

పొద్దున్నే బల్ల మీద ముందు పడుకోబెట్టేది మనిషిని కాదు.
రెసిన్ దిమ్మెలో పోతపోసిన నాలుగు వెన్నుపూసల్ని.
వాటికి నొప్పి లేదు, ముట్లుడగడం లేదు.
హాప్సాలు ఆసుపత్రి నేలమాళిగలో
పదకొండేళ్లుగా వాటికి వయసు రాలేదు.
వాటి అంకె మారిందంటే
మారింది అవి కాదు, యంత్రం.

ఈ మాట చెబితే హెల్యు నవ్వింది.
వోర్మ్సి దీవికి వెళ్లే మంచుదారి మీద
ఇరవైరెండు చలికాలాలు బర్మాతో తొలిచి
సముద్రం పెంకు మందం కొలిచిన మనిషి.
"ఒకే కంతలో రెండుసార్లు కొలవలేవు, సిర్యె!
అది పూడేసరికి అక్కడున్నది వేరే మంచు."

జిప్పు లేని బట్టలేనా? పొద్దున కాల్షియం బిళ్ల మింగలేదు కదా?
కాళ్లు ఈ దిమ్మె మీద. ఊపిరి మామూలుగానే.
తెర మీద గీతలు గీసే చెయ్యి నాది.
ఒక్క పూస పైకి జరిగి గీశానా,
రెండేళ్లు ఆమె మింగిన మందులు
కాగితం మీద గంగలో కలుస్తాయి.

మొదటిసారి సున్నా పాయింటు ఎనిమిది ఒకటి రెండు.
రెండేళ్లకి ఏడు తొమ్మిది ఎనిమిది.
డాక్టర్ తార్మో పెదవి విరిచి మందు మార్చాడు.
నేను నోరు మెదపలేదు. అప్పటికి నాకు తెలియదు.
తర్వాతి వేసవిలో ముప్పైమందిని
పడుకోబెట్టి, లేపి, మళ్లీ పడుకోబెట్టి లెక్క తీశాం:
నూటికి మూడు లోపు తేడా ఎముకది కాదు,
నా చేతి వణుకు.
ఆమె పోగొట్టుకున్నది నూటికి రెండైనా లేదు.

ఆ తర్వాత పాత యంత్రం పోయి
ఇంకో కంపెనీది వచ్చింది.
ఒక ఊరి మానికతో ఇచ్చి
ఇంకో ఊరి మానికతో పుచ్చుకున్నట్టు
ఎనిమిది ఏడు ఒకటి అంది అదే నడుముని.
సరే, అక్కణ్ణుంచి మళ్లీ మొదలు.

మొన్న నవంబరులో తొమ్మిది మూడు నాలుగు!
నూటికి ఏడు పెరిగింది.
తార్మో చెయ్యి కలిపాడు.
సోపుగింజల రొట్టె తెచ్చింది హెల్యు, మా అందరికీ.

రొట్టె నముల్తూ బొమ్మ చూశాను.
మూడో పూస పొట్టిగా ఉంది.
అదే సున్నం, తక్కువ చోటులో అణిగి,
తెల్లగా, గట్టిగా, మెరిసిపోతూ.
విరిగినందుకు వచ్చిన మార్కులవి.

గోడకి నిలబెట్టి ఎత్తు కొలిచాను
బడిపిల్లల్ని కొలిచే చెక్కబద్దతో.
నాలుగు సెంటీమీటర్లు ఎటు పోయాయో!
"సెప్టెంబరులో బంగాళాదుంపల బస్తా ఎత్తాను,
నడుం పట్టేసింది, ఆవిరి స్నానంతో పోయిందే" అంది.

ఎలా చెప్పాలో తెలియక
తెర ఆమె వైపు తిప్పాను.
చాలాసేపు చూసింది.
"మాకూ ఇంతే. గాలికి పెళ్ల విరిగి
ఇంకో పెళ్ల మీదికెక్కితే
బర్మాకి రెట్టింపు మందం తగిలేది.
అక్కడ లారీల్ని పోనిచ్చేవాళ్లం కాదు."

మూడోదాన్ని కొట్టేసి
మిగతా మూడింటి లెక్క కట్టాను, అప్పుడూ ఇప్పుడూ.
ఎనిమిది ఆరు ఎనిమిది, ఎనిమిది ఆరు మూడు.
పెరగలేదు, తరగలేదు, లేదా
నా చెయ్యి ఇంతకంటే చెప్పలేదు.

హెల్యు పెన్సిలు అడిగింది.
పాత మంచు లెక్కల పుస్తకంలో
అంకె పక్కన గాలి ఏ దిక్కునుంచో రాసే గడి ఉంది.
అందులో నా పేరు రాసుకుంది.