మద్రాసు వైపు మూతి

నగరిలో మా ఏకాంబరం మామ
వైరు చుట్ట భుజానేసుకోని
కటింగ్ ప్లయరు నడుముకి దోపుకోని
మిద్దెలెక్కేవాడు.
ఇరవై అడుగుల ఇనుప పైపు, దాని నెత్తిన
చేపముల్లు మాదిరి యాంటెన్నా,
మూతి మద్రాసు వైపు.
హైదరాబాదు మాకు పాఠంలోనే రాజధాని.
గాలికి మాత్రం మద్రాసే దగ్గర.

వాకిట్లోంచి కుప్పమ్మత్త అరిచేది:
"వస్తాండాది... పోయింది... రొంత ఎడంగా తిప్పు...
ఆఁ, ఆడే! ఊపిరి కూడా తీసుకోవద్దు!"

పక్కింట్లో మరమగ్గం ఆడితే
బొమ్మ నిండా తెల్లటి పోగులు.
వార్తలు చదివే ఆమె ముఖం మీద
అడ్డంగా నాడె తిరిగేది.
శుక్రవారం రాత్రి, పాటలేసే ఆ అరగంటా
వీధిలో మగ్గాలన్నీ నిలిచిపొయ్యేవి.
ఏ సేటూ ఆపమన్లేదు,
ఏ సంఘమూ తీర్మానం చెయ్యలేదు.

బడిలో తెలుగు రాసి
ఇంట్లో అరవ వార్తలు చూసిన పిల్లకాయలం.
నాగపట్నం కాడ వాయుగుండమని చెప్తే
అర్థమైన ఆ ఒక్క మాటకే మా నాయన
వీధిలో సాపిన పడుగు చుట్టేసేవాడు.

మిషనాసుపత్రిలో సిస్టర్ యూనా, ఐర్లండామె.
ఆమె ఇంటిమీద పైపు నిలబెట్టిందీ మామే.
కింద నిలబడి నవ్వింది:
"మా నాయన కూడా ఇంతే ఏకాంబరం.
పొగగొట్టానికి కట్టి
సముద్రం అవతల దేశం వైపు తిప్పేవాడు.
మాకంటూ చానలు ఒకటే.
పక్కదేశం నాటకాలు, పక్కదేశం నవ్వులు
గాలి బాగుంటేనే వచ్చేవి.
పడమటి ఊళ్ళకి అవీ లేవు, పాపం."

"మీ చానల్లో ఏమేసేవాళ్ళు సిస్టర్?"

"వానలో గొర్రెల సంత.
రాత్రి పొద్దుపోయినాక పెద్ద చర్చ,
ఇంట్లో ఎవరూ నోరెత్తని సంగతులు.
మా అమ్మ తిట్టుకుంటూ చివరిదాకా చూసేది.
సాయంత్రం ఆరుకి గంట.
ఒక నిమిషం. గంట తప్ప ఇంకేం లేదు."

మామ చెయ్యి ఆగింది.
"ఒక నిమిషం వట్టి గంట కొడితే
జనం కట్టెయ్యరా?"

"గరిటె చేతిలో పట్టుకోని
అట్లే నిలబడేవాళ్ళం" అంది.

తర్వాత తిరుపతి నుంచి తెలుగు వచ్చింది.
ఊళ్ళో మూతులన్నీ కొండ వైపు తిప్పడానికి
మామకి ఆర్నెల్ల పని.
అత్త మాత్రం మా ఇంటిది తిప్పనీలేదు,
"ఆ అరవ కత మధ్యలో ఉండాది,
రొండు వారాలు ఆగు."

ఆ రొండో వారమే
పాచి పట్టిన మిద్దె మీద మామ జారినాడు.
పుత్తూరు కట్టు, మూడు దఫాలు.
కాలైతే అతికింది గానీ
పాదం రొంత పక్కకి తిరిగింది.
"సిగ్నలు ఆ పక్కే ఉండాది లే" అనేవాడు.

మంచం దిగేలోపల కేబులొచ్చేసింది.
మిద్దె నుంచి మిద్దెకి నల్ల వైరు,
రిమోటుకి ఒక వేలు చాలు.
మామ నిలబెట్టిన పైపుల్ని
కొందరు పాత ఇనపోడికి ఏసినారు,
మేం చిక్కుడు పందిరికి పాతినాం.

సిస్టర్ తన దేశం పోయి ఒకే ఉత్తరం రాసింది:
"మా అవ్వ మాట్లాడిన భాషకి
ఇప్పుడు ఒక చానలుంది.
కింద ఇంగ్లీషు అక్షరాలు రాకపోతే
నాకే సగం తెలీదు.
అయినా కట్టెయ్యను."

మామ మూడుసార్లు చదివించుకున్నాడు నాతో.
"అవ్వ మాటకి కింద అచ్చరాలా" అని
తనలో తనే అనుకున్నాడు.
అత్త పోయినప్పటి నుంచి
టీవీ పెట్టేది ఆయనే, చూడకుండా కూర్చునేదీ ఆయనే.

పోయిన మార్గశిరంలో ఫోనులో పట్టినాను.
వాళ్ళ ఆరు మనకి రాత్రి పదకొండున్నర.
దుప్పట్లోంచి లేచి కూర్చున్నాడు.
గంట.
కిటికీ కాడ ఎవరో ఒకామె, చేతిలో పని ఆపి.
మళ్ళీ గంట.
పక్కింటి మగ్గం ఆడతానే ఉంది,
తెర మీద ఒక్క పోగు కూడా పడలేదు.

మామ తల పైకెత్తినాడు.
"బొమ్మ కదలకుండా వస్తాండాదే," అన్నాడు,
"మిద్దె మీద ఎవురుండారు?"